వరాలయ్యకు ముసలితనం వచ్చిన రోజు

ఒక పెద్ద అడవిలో దుంపలకు కరువు లేదు గానీ, వాటిని తవ్వడానికే అందరికీ బద్ధకం. తాబేలు అధ్యక్షుడు సభ పెట్టి చట్టం చేశాడు.

"ముసలివాళ్ళు ఇన్నాళ్ళూ కష్టపడ్డారు. పిల్లలు ముందుముందు కష్టపడతారు. వీళ్ళు కూర్చుని తినాలి, నడివయసు వాళ్ళు తవ్విపెట్టాలి."

అడవిపంది వరాలయ్య సంబరంగా తలూపాడు. ఇంట్లో ముసలి తల్లి ఉంది, చారల పిల్లలున్నారు. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?

మర్నాడు తవ్వడానికి సగంమందే వచ్చారు. నక్క బూడిదలో పొర్లి, మూలుగుతూ ముసలివాళ్ళ వరసలో కూర్చుంది. "నా ఒళ్ళంతా ఎలా నెరిసిందో చూడండి," అంటూ కొండముచ్చు దాని పక్కన చేరింది. ఎలుగుబంటి పిల్లల వరసలో వేలు చీకుతోంది.

"నువ్వు పిల్లాడివా?" అన్నాడు వరాలయ్య.

"మా అమ్మకి ఎప్పటికీ పిల్లాణ్ణేగా!"

వారం తిరిగేసరికి తవ్వేది వరాలయ్య ఒక్కడే. మూతి పుండైపోయింది. ముందు కూర్చున్నవాళ్ళే మేసేయగా, కాళ్ళీడ్చుకుంటూ చివర్లో వచ్చే తల్లికి తొక్కలు మిగిలేవి. ఆమె అవి కూడా మనవల ముందుకు తోసేసేది. అది చూశాక వరాలయ్య తన దుంప పక్కన పెట్టి లేచాడు. తిన్నగా తాబేలు దగ్గరికెళ్ళాడు.

"అధ్యక్షా, నాకు ముసలితనం ఎప్పుడొస్తుంది?"

తాబేలు దుంప నములుతూ, "తవ్వడం మానేసిన రోజున వస్తుంది నాయనా," అన్నాడు.

"ఇంత సుళువా! అయితే వచ్చేసింది," అని వరాలయ్య వెళ్ళి తల్లి పక్కన చతికిలబడ్డాడు.

ఆ పూట వరసలు నిండాయి, దుంపలే లేవు. మర్నాడూ లేవు. ఎలుగుబంటి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు మాత్రం అచ్చం పసిపిల్లాడిదే.

"ఇంత అడవిలో వయసులో ఉన్నవాడు ఒక్కడూ లేడా?" అని నక్క వాపోయింది.

వరాలయ్య తల్లి నిట్టూర్చి లేచింది. "పోనీలే, నేనే తవ్వుతాను," అంటూ వణికే కాళ్ళతో దుంపలు తవ్వే గుంత వైపు నడిచింది. "పాపం, పెద్దావిడ," అన్నారంతా, కూర్చున్నచోటు నుంచే.

వరాలయ్య ఆగలేకపోయాడు. పరుగున వెళ్ళి తల్లిని నీడలో కూర్చోబెట్టి తనే తవ్వాడు. తవ్వినవి తవ్వినట్టు ఆమెకూ పిల్లలకూ పెట్టాడు, తనూ తిన్నాడు. మిగతావాళ్ళకు వాసన ఒక్కటే అందింది.

సాయంత్రానికి నక్క వాగులో మునిగి బూడిద కడుక్కుంది. కొండముచ్చు, "ఇది నెరుపు కాదండీ, మా వంశపు రంగు," అని అందరికీ చెప్పుకుంది. ఎలుగుబంటి కళ్ళు తుడుచుకుని, తనకు ఇద్దరు పిల్లలున్న సంగతి ఒప్పుకుంది. ముగ్గురూ గుంతలోకి దిగారు.

నీతి: తవ్వేవాడు ప్రశ్న అడిగితే, పొరపాటున కూడా జవాబు చెప్పకూడదు.