తేదీ గడిలో నలభై ఒక్క దెబ్బలు

బుధవారం పొద్దున నర్సు రాహేలు పెట్టుకున్న పని చిన్నదే. ఎనిమిదింటికి క్యాంపస్ దవాఖానా తలుపులు తీయాలి, సిరంజిలు ఉడకబెట్టాలి, తొమ్మిదిన్నరకు ఒక కాగితం తీసుకెళ్లి ఆఫీసులో సూపరింటెండెంటు శేషాద్రిగారి బల్ల మీద పెట్టాలి. పదింటికల్లా తిరిగి వచ్చి సూదిమందులు మొదలుపెట్టాలి.

కాగితంలో అడిగినవి మూడే. సిరంజిలు ఉడికే గిన్నెకు చెక్కపిడి ఉన్న మూత, వాటిని పైకి తీయడానికి పొడుగాటి పటకారు, నీళ్లు చిందినా కాలు జారకుండా పొయ్యి ముందు ఒక రబ్బరు పట్టా. ఈ మూడూ సమకూర్చడానికి ఇంజనీరింగ్ వర్క్‌షాపు మాస్టారు సూర్యనారాయణ ముందే ఒప్పుకున్నాడు. నెల కిందట వేలు తెగి కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు, కట్టు కడుతున్న రాహేలు చేతుల మీది మచ్చలు చూసి ఆయనే మాట కదిపాడు.

"మా కుర్రాళ్ల చేతులు మీరు చూస్తున్నారు. మీ చేతులు మేం చూడొద్దా అండీ? ఇనుము మాది, కొలిమి మాది. శనివారాలు మీరొచ్చి కాలితే ఏం చెయ్యాలో, తెగితే ఏం చెయ్యాలో మావాళ్లకి నేర్పండి. మీ ఆఫీసు నుంచి ఒక్క కాగితం ఇప్పించండి, చాలు."

ఆ పొయ్యి దగ్గర అందరికంటే ఎక్కువసేపు నిలబడేది ఆయా రాములమ్మ. కిందటి వారమే ఆమె పాదం మీద మరుగునీళ్లు పడ్డాయి. ఇంకోసారి పడేలోగా ఆ మూడు వస్తువులూ రావాలని రాహేలు పట్టుదల.

శేషాద్రిగారిది కడప. చెడ్డవాడు కాదు. కాగితం మీద లేనిది లోకంలోనే లేదని ఆయన నమ్మకం, అంతే. రాహేలు ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ రిజిస్టరు తెప్పించి చూసినానమ్మా. మూడేండ్లలో దవాఖానా సిబ్బందికి ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. దెబ్బే లేనప్పుడు పటకారేంటికి?"

"తగిలాయి సార్. రాయలేదంతే."

"ఏంటికి రాయలేదు?"

రాహేలు చేతులు వెనక్కి పెట్టుకుంది. దవాఖానాలో పనిచేసేవాళ్లు తమ పేరు రోగుల రిజిస్టరులో రాసుకోరు. ఎవరూ పెట్టని నియమం అది. సూది గుచ్చుకుంటే స్పిరిటుతో తుడుచుకుంటారు, చెయ్యి కాలితే మందు పూసుకుంటారు, తర్వాతి రోగిని పిలుస్తారు. నర్సే చెయ్యి కాల్చుకుందంటే పని రాదనుకుంటారని బెరుకు.

"నలుగురూ ఏమనుకుంటారోనని సార్" అంది చివరికి.

"అనుకునేదానికి ఫైలు లేదమ్మా. ఈ పొద్దే కూర్చుని అన్నీ రాయండి. ఒక్కటీ వదలొద్దు. దెబ్బలుంటే పటకారుంటుంది. ఇది నా మాట."

మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక రాహేలు కొత్త రిజిస్టరు తెరిచి గళ్లు గీసింది. పేరు, దెబ్బ, తేదీ. డాక్టర్ కమలాదేవి తనవి నాలుగు చెప్పింది. కాంపౌండర్ ఏసురత్నం ఐదు చెప్పాడు. రాహేలు తనవి ఎనిమిది రాసుకుంది. తర్వాత రాములమ్మ వచ్చి నేల మీద తీరుబడిగా కూర్చుని, చీర కుచ్చిళ్లు పాదాల మీది నుంచి పక్కకు జరుపుకుంది.

"రాయి సిస్టరమ్మా. ఎడమ కాలు, మరిగిన నీళ్లు. పెద్దపిల్ల పెండ్లయిన యేడు."

"తారీఖు చెప్పు రాములమ్మా."

"తారీఖు నాకెట్ల ఎరుక? పెండ్లి మస్తుగయింది, గది రాయి. ఇగ రెండోది, కుడిచెయ్యి. గిది లాలాపేట్‌ల మా ఇంటి గోడ కూలిన వానల. మూడోది..."

రాహేలు ఏదీ కల్పించి రాసే మనిషి కాదు. చెప్పింది చెప్పినట్టే రాసింది. తేదీ గడిలో పెండ్లిళ్లు, వానలు, మల్కాజ్‌గిరి మరిది వచ్చిన రోజు అన్నీ చేరాయి. రాములమ్మవి ఇరవై నాలుగు తేలాయి. మొత్తం నలభై ఒకటి. పదకొండేళ్ల దెబ్బలు.

సాయంత్రం ఆ రిజిస్టరు ఆఫీసు టైపిస్టు చేతికి వెళ్లింది. "పెద్దపిల్ల పెండ్లి" అని తేదీ గడిలో కొట్టడం ఎలాగో ఆయనకు అర్థం కాలేదు. ఖాళీగా వదిలితే శేషాద్రిగారు కాగితం వెనక్కి కొడతారు. ఆలోచించి, నలభై ఒక్క గళ్లలోనూ ఆనాటి తేదీ కొట్టాడు. శేషాద్రిగారు తేదీ గడి పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూశాడు. ఒక్కటీ ఖాళీ లేదు. తృప్తిగా సంతకం చేశాడు. ఆనవాయితీ ప్రకారం ఐదు నకళ్లు నాలుగు చోట్లకు వెళ్లాయి. ఒకటి వర్క్‌షాపుకు, ఒకటి హాస్టలుకు, ఒకటి కాపలావాళ్లకు, రెండు పెద్దాఫీసుకు.

గురువారం పదింటికి దవాఖానా ముందు వర్క్‌షాపు లారీ ఆగింది. అందులోంచి సూర్యనారాయణ దూకాడు. ఆయన వెనక ముప్పైమంది విద్యార్థులు చెక్కబల్లలు పట్టుకుని దిగారు.

"ఎక్కడ? ఎక్కడ పడుకోబెట్టారు?"

"ఎవరినండీ?" అంది రాహేలు.

"ఎవరినేంటండీ! నిన్న ఒక్కరోజులో నలభై ఒక్క ప్రమాదాలు! సంతకం చేసిన కాగితం!" ఆయన చేతిలోని నకలు విప్పి చదవడం మొదలుపెట్టాడు. "ఆయా రాములమ్మ, ఎడమకాలు కాలింది. ఆయా రాములమ్మ, కుడిచెయ్యి కాలింది. ఆయా రాములమ్మ, జారిపడి నడుము పట్టింది..." ఆగి, ఎదురుగా చీపురుతో నిలబడ్డ మనిషిని చూశాడు. "మీరేనా? ఇంకా నిలబడే ఉన్నారేంటమ్మా?"

"కూసుందామంటె కుర్చీ ఏది సారూ?" అంది రాములమ్మ.

ఈలోగా హాస్టలు విద్యార్థులు రక్తం ఇవ్వడానికి చొక్కా చేతులు మడుచుకుని బారులు తీరారు. ముందు ఎవరివ్వాలని వాళ్లలో వాళ్లకు అప్పుడే తగాదా మొదలైంది. ఆ చప్పుడుకు డాక్టర్ కమలాదేవి బయటికి వచ్చింది.

"రక్తం ఎవరికయ్యా?"

"మీకే డాక్టరమ్మా! లిస్టులో మూడో నంబరు మీదే. వేలికి గాజుముక్క!"

"అది రెండేళ్ల కిందటిది నాయనా" అంది ఆవిడ. ఎవరూ వినలేదు.

వార్త తార్నాక బస్‌స్టాపుకు చేరేసరికి దవాఖానాలో బాయిలరు పేలిందని అయింది. అక్కడ బస్సు కోసం నిలబడ్డ రాహేలు భర్త దానియేలు బడి సంగతి మరిచి ఇంటికి పరుగెత్తాడు. గంటలో ఆయన సైకిలూ, వెనక రెండు రిక్షాల్లో ఆయన తల్లి సారమ్మా, చర్చి స్త్రీలు ముగ్గురూ, ఒక పెద్ద టిఫిన్ క్యారియరూ వచ్చి గుమ్మంలో దిగాయి. సారమ్మ కోడలిని కావలించుకుని, విడిచి, రెండు చేతులూ తిప్పితిప్పి వేళ్లు లెక్కపెట్టింది. పదీ ఉన్నాయి. అప్పుడామె కన్ను మచ్చల మీద పడింది.

"ఇవేంటే?"

"పాతవే అత్తయ్యా. వంట దగ్గర కాలినవి."

"ఇంట్లో వంట చేసేది నేనైతే కాలేది నీకా?"

రాహేలు తల దించుకుంది. దానియేలు కూడా ఆ చేతుల్ని మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. "చెప్పొచ్చుగా రాహేలూ" అన్నాడు మెల్లగా. తర్వాత ఆయనే, "నా చాక్‌పీసు పొడికి నేను రోజూ నీకు ఫిర్యాదు చేస్తుంటాను కదా" అనేసరికి ఆమెకు నవ్వొచ్చింది.

సరిగ్గా అప్పుడు జనాన్ని తోసుకుంటూ శేషాద్రిగారు వచ్చాడు. పెద్దాఫీసు నుంచి ఆయనకు అప్పటికే మూడు ఫోన్లు వచ్చాయి.

"ఎవరు పుట్టించినారీ పుకారు?"

సూర్యనారాయణ నకలు చూపించాడు. కింద సంతకం ఎవరిదో శేషాద్రిగారు గుర్తుపట్టాడు. తేదీ గడి కూడా చూశాడు. ఈసారి గడి నిండి ఉండటం ఆయనకు నచ్చలేదు.

రాములమ్మ నోట సంగతి విన్న సారమ్మ ముందుకొచ్చింది. "ఏమయ్యా, మూత అడిగితే ఇవ్వనన్నది నువ్వేనా? నా కోడలి చేతులు నీ కళ్లకి కనబడలేదా?"

"అట్ల కాదమ్మా పెద్దమ్మా. రోజూ చేసే పనే కదా. నిదానంగా పట్టుకుంటే ఏమీ కాదు. దానికింత గలాటా ఏంటికి? చూడండి" అంటూ ఆయన లోపల సిరంజిలు ఉడుకుతున్న పొయ్యి దగ్గరికి నడిచాడు, జనమంతా వెనకే వెళ్లారు.

"వద్దు సార్" అంది రాహేలు.

"పట్టకు సారూ, పట్టకు" అంది రాములమ్మ.

శేషాద్రిగారు జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి గిన్నె మూత ఎత్తాడు. రుమాలు అడ్డున్నది మూతకే గాని ఆవిరికి కాదు. మూత ఎగిరి గోడకు తగిలి, గింగిరాలు తిరుగుతూ వెళ్లి చర్చి స్త్రీల కాళ్ల దగ్గర ఆగింది. శేషాద్రిగారు కడప వదిలాక ఎన్నడూ వాడని మాట ఒకటి గట్టిగా అని, వెనక్కి జారి, చెక్కబల్ల పట్టుకున్న ఇద్దరు విద్యార్థుల మధ్య కూలబడ్డాడు. ఎవరో ఒకరు దొరికారన్న ఉత్సాహంతో వాళ్లు ఆయన్ని బల్లమీదికి ఎత్తేశారు.

రాములమ్మ ఒక్క అంగలో వచ్చి ఆయన కుడిచెయ్యి చల్లనీళ్ల బకెట్లో ముంచింది. "తియ్యకు. నేను చెప్పేదాంక తియ్యకు" అని గద్దించింది. ఆయన తియ్యలేదు. డాక్టర్ చూసి, పెద్ద గాయం కాదని చెప్పి, నాలుగు వేళ్లకూ అరచేతికీ కలిపి కట్టు కట్టింది.

రాహేలు రిజిస్టరు తెరిచి నలభై రెండు అని వేసింది. శేషాద్రిగారు ఆ కలం వైపే చూస్తున్నాడు.

"అది రాయాల్నా అమ్మా?" అన్నాడు చిన్నగా.

"ఒక్కటీ వదలొద్దన్నారు సార్."

"ఆఫీసులో అందరూ ఏమనుకుంటారు..."

"మేమూ ఇన్నేళ్లూ అదే అనుకున్నాం సార్" అంది రాహేలు. ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే ఆయనకు ఎక్కువ తగిలింది.

తర్వాత శేషాద్రిగారు బల్లమీద లేచి కూర్చున్నాడు. "రాయమ్మా. తేదీ కూడా సరిగ్గా వెయ్యి. ఆ మూడు వస్తువుల కాగితం తెప్పించండి. ఇప్పుడే సంతకం చేస్తా."

కాగితం వచ్చింది, కలం వచ్చింది. చెయ్యి మాత్రం లేదు. ఎడమచేత్తో ప్రయత్నిస్తే ఆ సంతకాన్ని ఆయనే గుర్తుపట్టలేకపోయాడు. సంతకం తేడాగా ఉందని ఎందరి కాగితాలో తిప్పిపంపిన మనిషి ఆయన. రేపు చూద్దామంటే కట్టు విప్పేది వారానికి.

"గింతదానికేంది?" అని రాములమ్మ లోపలికెళ్లి, చదువురాని రోగుల కోసం ఉంచిన సిరా డబ్బీ తెచ్చింది. "ఎడమ బొటనేలు పట్టు సారూ. గట్టిగ ఒత్తకు, అలుక్కపోతది. ఊరికె ఆనించాలె. ఇగో, గిట్ల."

శేషాద్రిగారు ఆనించాడు.

"సక్కగ పడ్డది. మొదటిసారి నాకన్న నువ్వే నయం" అంది రాములమ్మ.

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. సారమ్మ క్యారియరు విప్పి, నలభై ఒక్కమంది కోసం తెచ్చిన పులిహోర ఉన్న వాళ్లందరికీ సర్దింది. శనివారానికి మూత, పటకారు, పట్టా వచ్చాయి. అదే మధ్యాహ్నం వర్క్‌షాపులో రాహేలు మొదటి పాఠం చెప్పింది. చల్లనీళ్ల బకెట్ పక్కన నిలబడి రాములమ్మ చేసి చూపించింది.

పెద్దాఫీసు నుంచి ఆ కాగితానికి ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది: వేలిముద్ర వేసిన వ్యక్తికి అందులోని విషయం చదివి వినిపించినట్టు ఎవరూ రాయలేదు.