స్తంభం మేడమ్ చేతి గడియారం

ఆ ఉదయం పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి, గడియారానికి ముప్పై చుట్లు కీ ఇవ్వాలి, పదింటికి కాలేజీలో పరీక్ష మొదలుపెట్టాలి, పన్నెండింటికి పేపర్లు తీసుకోవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో ఎంత వెతికినా స్తంభం మేడమ్‌కు కనిపించలేదు.

స్తంభం మేడమ్ అన్నది విద్యార్థులు పెట్టిన పేరు. ఆమె సంఖ్యాశాస్త్రం చెబుతుంది. పాఠం మొదలుపెడుతూ బల్ల మీద ఎడమచేయి ఆనించిందంటే మళ్లీ గంట కొట్టేదాకా ఆ చేయి అక్కడే ఉంటుంది. ఒకసారి బల్ల తుడవడానికి వచ్చిన అటెండరు ఆ చేతి చుట్టూ తుడిచి వెళ్లిపోయాడని కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆమెకు పెళ్లయి రెండు నెలలు. ఉద్యోగం ఏడాది కాంట్రాక్టు మీద. దాన్ని పొడిగించే కాగితం ప్రిన్సిపాల్ బల్ల మీద సంతకం కోసం పడి ఉంది. ఇక గడియారమంటారా, అది భర్త కానుక. పాత వాచీల దుకాణం చుట్టూ మూడు ఆదివారాలు తిరిగి, ఎవరో వాడి వదిలేసిన నీలిముఖం వాచీని ఏరి తెచ్చాడు. దానికి బ్యాటరీ ఉండదు. చేయి కదిలినప్పుడల్లా లోపలున్న చిన్న బరువు గిరగిరా తిరిగి స్ప్రింగుకు కీ ఇస్తుంది. రోజూ దాన్ని అతనే ఆమె ఎడమచేతికి పెడతాడు. పట్టీ బిగించాక మణికట్టు మీద ఒక్క క్షణం వేలు ఆనించి వదులుతాడు. ఆ ఒక్క క్షణం కోసం ఆమె రోజూ పది నిమిషాలు ముందే తయారవుతుంది.

అంత ముద్దుగా ఇచ్చిన గడియారం రోజూ మధ్యాహ్నం దాటగానే ఆగిపోతోందని ఏ నోటితో చెబుతుంది? సాయంత్రం ఇంటి మెట్లెక్కే ముందు ఫోన్లో టైము చూసి ముళ్లు సరిచేసుకుని, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్లేది. మొన్నటిదాకా అలా నెట్టుకొచ్చి, నిన్న మాత్రం ఎవరికీ చెప్పకుండా వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పోయింది.

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత విప్పాడు.

"కింద పడేశావా అమ్మాయ్?"

"లేదు బాబాయ్ గారూ."

"ఫ్రిజ్ మీదో, స్పీకర్ పక్కనో పెట్టావా?"

"అబ్బే, లేదండీ."

ఆయన దాన్ని దిక్సూచి పక్కన పెట్టి చూశాడు. దిక్సూచి ముల్లు ఉలకలేదు, పలకలేదు. అయస్కాంతం పట్టలేదన్నమాట. నూనె చూశాడు, స్ప్రింగు చూశాడు. చివరికి భూతద్దం తీసి ఆమెను చూశాడు.

"దీనికే రోగమూ లేదు. రోగం నీది."

"నాదా!"

"రోజంతా ఏం చేస్తుంటావ్?"

"పాఠాలు చెబుతానండీ."

"చెయ్యి ఊపుతూనా, ఊపకుండానా?"

ఆమె కాసేపు ఆలోచించి, నేరం ఒప్పుకున్నట్టు అంది. "ఊపకుండా."

"అదీ సంగతి! పాపం, దీన్ని పస్తులు పెడుతున్నావు. పొద్దున్నే చేతికి పెట్టుకోకముందు ఈ మర ముప్పై చుట్లు తిప్పు. పగలు మధ్యమధ్యలో చెయ్యాడించు. పోనీ మీ ఆయనతో పోట్లాడేటప్పుడైనా చెయ్యి ఊపవా?"

"ఇంకా పోట్లాడలేదండీ."

"ఓహో, కొత్తా! అయితే కొన్నాళ్లు కీ ఇచ్చుకో. తర్వాత నీకా బాధ ఉండదులే."

అలా తెలుసుకొచ్చిన వైద్యాన్ని ఇవాళ స్నానాలగదిలో, తలుపు గడియ వేసుకుని మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు...

తలుపు మీద టకటకా చప్పుడు. "ఏయ్, వాచీ ఎక్కడ పెట్టావ్? అలమారలో లేదు!"

ఆమె చటుక్కున గడియారాన్ని తువ్వాలులో చుట్టి బయటికొచ్చి, "ఇక్కడే ఉందండీ, తడుస్తుందని దాచాను" అంది. స్నానాలగదిలో తడవకుండా దాచడమేమిటో అతనూ అడగలేదు. ఎప్పటిలాగే పట్టీ బిగించాడు. మిగతా ఇరవై ఏడు చుట్లూ దారిలో ఎలాగో తిప్పేద్దామనుకుంది. కానీ పరీక్ష రోజు కదా, ధైర్యం చెబుతూ అతను కాలేజీ గేటు దాకా ఆమె ఎడమచేయి పట్టుకునే నడిచాడు. ఆ చేతిని విడిపించుకునే వయసా అది?

హాల్లో ప్రిన్సిపాల్ ఎదురొచ్చింది. ఆవిడ ఎప్పుడూ నవ్వదు, పరీక్షల రోజు అసలే నవ్వదు.

"చూడమ్మా, పై హాళ్లలో మూడు గంటల పేపరు, నీ హాల్లో రెండు గంటల పేపరు. అందుకని ఇవాళ గంట కొట్టించడం లేదు. టైమంతా నీ పూచీ. సరిగ్గా పన్నెండుకి పేపర్లు లాగెయ్యాలి. పోయినేడు ఒకాయన అయిదు నిమిషాలు ఎక్కువిచ్చాడు. పరీక్ష మొత్తం మళ్లీ పెట్టాల్సొచ్చింది."

"ఆయన ఇప్పుడెక్కడున్నారు మేడమ్?"

"అదే మాకూ తెలీదు."

ఫోన్లన్నీ ఆఫీసు పెట్టెలోకి పోయాయి, ఆమెదీ అందులోకే. విద్యార్థుల వాచీలు బయట బుట్టలో. నల్లబల్ల పైనున్న గోడగడియారం ఎప్పుడో రెండూ పదికి కన్నుమూసింది. వెళ్తూ వెళ్తూ ప్రిన్సిపాల్ పైనున్న కెమెరా వైపు వేలు చూపింది. "కెమెరా ఉన్న వాచీలతో కాపీ కొట్టిన గొడవ తర్వాత కొత్త రూలు పెట్టారు. హాల్లో ఎవరూ వాచీ చేతి నుంచి తియ్యకూడదు, దాని మరలు ముట్టుకోకూడదు. నువ్వు కూడా. ఇవాళ స్క్వాడ్ వాళ్లొచ్చారు, జాగ్రత్త."

పరీక్ష మొదలైంది. వ్యాపార చట్టం పేపరు. మొదటి భాగంలో పన్నెండు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదానికి టిక్కు పెట్టాలి. నలభై తలలు వంగాయి. స్తంభం మేడమ్ అలవాటుగా బల్ల మీద చేయి ఆనించి నిలబడింది. చాలాసేపయ్యాక గడియారం చూసింది. పదీ ఇరవై. ఇంకా చాలాసేపయ్యాక చూసింది. పదీ ఇరవై.

సెకన్ల ముల్లు నాలుగు అంకె మీద హాయిగా నిద్రపోతోంది.

 ఎప్పుడు ఆగింది? రెండు నిమిషాల కిందటా, ఇరవై నిమిషాల కిందటా? పక్కహాలుకు పోయి అడుగుదామంటే గడప దాటకూడదు. కీ ఇద్దామంటే మర ముట్టుకోకూడదు. ఇక మిగిలింది చెయ్యొక్కటే. నెమ్మదిగా ఊపింది. ముల్లు కదిలింది! చెవి దగ్గర పెట్టుకుని విన్నది. టిక్ టిక్. ప్రాణం లేచొచ్చింది. కిందికి దించింది. రెండు నిమిషాలకు మళ్లీ నిశ్శబ్దం. ఈసారి గట్టిగా విదిలించింది. తర్వాత పక్కకు ఊపింది. తర్వాత చేయి వెనక్కి పెట్టుకుని, ఎవరికీ కనిపించదులే అనుకుని, గుండ్రంగా తిప్పింది.

అలా ఓ పావుగంట గడిచాక ఆమెకు ఒక సంగతి తోచింది. తను చేయి కదిపినప్పుడల్లా తలలు లేస్తున్నాయి. తర్వాత అన్నీ ఒక్కసారే వంగుతున్నాయి. వంగగానే కలాల చప్పుడు.

మొదటి బెంచీలో పొడుగుజడ అమ్మాయి పెదవులు కదపకుండా పక్కమ్మాయికి చెబుతోంది. "చెవి దగ్గరయితే ఒకటి. విదిలిస్తే రెండు. పక్కకి ఊపితే మూడు. వెనక్కి పెట్టుకుంటే నాలుగు."

"మేడమ్ ఎంత మంచిదే!" అంది పక్కమ్మాయి.

స్తంభం మేడమ్‌కు అప్పుడర్థమైంది. చేయి ఆడిస్తే జవాబులు. ఆపితే టైము లేదు. "నేను మీకేం చెప్పడం లేదు" అందామంటే, ఏదో చెబుతున్నానని తనే ఒప్పుకున్నట్టు. ఆమె బల్లను పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది. ముల్లు ఆగింది. ఒక్కసారి, చిన్నగా, మోచేతి దాకా మాత్రమే కదిపింది.

"పన్నెండోది రెండు!" అని వెనక బెంచీ నుంచి గుసగుస.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని స్క్వాడ్ ఆఫీసరు వచ్చాడు. మనిషి సన్నం, గొంతు లావు, వేలు పొడుగు. ఆ వేలితో ముందు కెమెరాను, తర్వాత ఆమె చేతిని చూపించాడు.

"అరగంటగా చూస్తున్నా. ఏంటమ్మా ఆ నాట్యం?"

"ఏం లేదండీ... చెయ్యి నొప్పి."

"నొప్పయితే చెవిలో పెట్టుకుంటారా చేతిని?"

 గడియారం ఆగిందంటే టైము తెలియదని ఒప్పుకున్నట్టే. టైము తెలియదంటే పోయినేటి ఆయన వెళ్లిన చోటికే ప్రయాణం. జవాబు రాకపోయేసరికి ఆఫీసరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ వాచీ తియ్యండి! అందులో ఏముందో తర్వాత చూస్తా."

భర్త బిగించిన పట్టీని ఆమె విప్పింది. ఆయన దాన్ని కవర్లో వేసి, పైన సంతకం చేసి, కుర్చీ లాక్కుని హాలు మధ్యలో కూర్చున్నాడు.

"ఇక ఈ హాలు నాది. టైము నేను చూస్తా. పన్నెండింటికి నేను చెప్పాక పేపర్లు తియ్యండి."

ఉద్యోగం పోతున్న మనిషి ముఖం అంతలా విప్పారడం ఆయన సర్వీసులో ఎప్పుడూ చూసి ఉండడు.

పన్నెండుంబావుకు ప్రిన్సిపాల్ గదిలో నలుగురూ ఉన్నారు. ప్రిన్సిపాల్, ఆఫీసరు, స్తంభం మేడమ్, ఇంకా సంతకం కాని ఆ కాగితం. ఆఫీసరు ఆగకుండా మాట్లాడుతున్నాడు. మాటకో విసురు చొప్పున గడియారమున్న కవరును గాలిలో ఊపుతున్నాడు.

"నలభై పేపర్లు చూశాను మేడమ్! ముప్పై నాలుగింటిలో పన్నెండు టిక్కులూ అచ్చు గుద్దినట్టు ఒకటే! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఈవిడ్ని ఇవాళే పంపించెయ్యండి!"

ప్రిన్సిపాల్ కాగితాన్ని పక్కకు జరిపింది. స్తంభం మేడమ్ కళ్లు దాని వెంటే పోయాయి.

"జవాబుల కవరు చింపండి. ఎన్ని కరెక్టో నివేదికలో రాయాలి కదా" అంది ప్రిన్సిపాల్.

ఆఫీసరు సీలు చింపాడు. మొదటి ప్రశ్న చూశాడు. రెండోది చూశాడు. ఆయన వేలు కిందికి పోతున్నకొద్దీ గొంతు సన్నబడింది. చివరికి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చూశాడు.

"ఎన్ని?" అంది ప్రిన్సిపాల్.

"ఒకటి."

"పన్నెండింటికీ?"

"ఒకటే మేడమ్. మిగతా ఆరుగురున్నారు చూశారా, ఈవిడ వైపు చూడకుండా సొంతంగా రాసినవాళ్లు... వాళ్లకి తొమ్మిదీ పదీ వచ్చాయి."

అంతవరకు నేల చూపులు చూస్తున్న స్తంభం మేడమ్ ఇక ఆగలేకపోయింది. ఎంతైనా ఆమె సబ్జెక్టు అది. "కళ్లు మూసుకుని పెట్టినా మూడు రావాలండీ. నాలుగింట ఒకటి చొప్పున."

 జవాబులు తెలిసిన మనిషి ఇన్ని తప్పులు చెప్పదు. తెలియని మనిషి సైగలు చేసి ప్రయోజనం లేదు. ఆఫీసరు ఈ రెంటి మధ్యా చాలాసేపు తిరిగి, దారి దొరక్క, మెత్తబడి అడిగాడు. "మరి ఆ చెయ్యెందుకమ్మా అలా ఊపావ్?"

అప్పుడు చెప్పేసింది. పాత వాచీ, పస్తులు, ముప్పై చుట్లు, తలుపు మీద చప్పుడు, అన్నీ. పన్నెండింటికి పేపర్లు సవ్యంగానే వచ్చాయి కనుక దాచేందుకు కూడా ఏమీ మిగల్లేదు. ఆఫీసరు నమ్మలేక కవరులోకి తొంగిచూశాడు.

"ఇది నడుస్తోందే!"

నడవదూ మరి. ఆయన చేతిలో పావుగంటసేపు తిట్టుకో ఊపు తిన్నది.

సాయంత్రం ఇంటికెళ్లి జరిగిందంతా భర్తకు చెబుతుంటే అతని ముఖం పాలిపోయింది. "ఇవాళ అంత పొద్దున్నే ఎందుకాగిందో నాకు తెలుసు" అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

"మీకా?"

"అది చెయ్యి ఊపితేనే నడుస్తుందని దుకాణం వాడు చెప్పాడు. నువ్వేమో చెయ్యి కదపవు. ఆగిపోతే నువ్వు చిన్నబుచ్చుకుంటావని రోజూ తెల్లారగట్ల నేనే దాన్ని పెట్టుకుని మేడ మీద చేతులూపుతూ నడుస్తున్నా. ఇవాళ నీకు పరీక్ష కదా, లేస్తే నీ నిద్ర చెడుతుందని లేవలేదు."

 పొద్దుటి నుంచి ఆమె బిగబట్టిన ఏడుపూ నవ్వూ కలిసి ఒక్కసారే వచ్చాయి. పెళ్లయ్యాక మొదటిసారి, రెండు చేతులూ ఊపుతూ పోట్లాడింది. రాత్రంతా గడియారం చక్కగా నడిచింది.

మర్నాడు కాంట్రాక్టు పొడిగింపు కాగితం చేతికొచ్చింది. దానితోపాటు ప్రిన్సిపాల్ కొత్త ఉత్తర్వు కూడా ఒకటి వచ్చింది. ఇకపై పరీక్ష హాల్లో ఉండే లెక్చరర్లెవరూ చేతులు కదపరాదని, చదివినట్టు సంతకం చేయాలని. స్తంభం మేడమ్ సంతకం కుడిచేత్తో చేసింది కనుక గడియారానికి అందులోంచి ఏమీ దక్కలేదు.