బావగారు లోపల ఉన్నారు

ఆదివారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య మందుల షాపులో డ్యూటీ చేసి సాయంత్రం తిరిగొచ్చేలోగా, హాల్లో చేపల తొట్టిని మోస్తున్న చెక్క స్టాండు లోపలి భాగాన్ని ఉప్పుకాగితంతో రుద్ది, మూలలకు సిలికాన్ పట్టించి, నీళ్లు దిగని పూత వెయ్యాలి. ఫిల్టరు గొట్టం నుంచి కారిన చుక్కలకు అడుగు పలక ఒక పక్క ఉబ్బిపోయింది. తలుపు తీస్తే తడి చెక్క వాసన. గిడ్డంగిలో స్టోర్‌కీపరుగా ఇంతింత సరుకును ఒంటిచేత్తో సర్దే మనిషికి ఇదొక పనా?

అయితే ఆయన్ని తొందరపెడుతున్నది చెమ్మ ఒక్కటే కాదు. ఆ స్టాండు బావమరిది చేసిచ్చింది. అతను బస్సు కండక్టరు; సెలవు దొరికితే చెక్కపని మీద పడతాడు. కిందటేడు దాన్ని మోసుకొచ్చి హాల్లో నిలబెట్టినప్పుడు చుట్టాలందరూ ముచ్చటపడ్డారు. ఆయన మాత్రం తలుపు తీసి, రంగు లేని ప్లైవుడ్‌ను చూసి, "పనితనం లోపల చూస్తే కదా తెలిసేది!" అన్నాడు. అందరూ నవ్వారు. బావమరిది కూడా నవ్వాడు. నవ్వి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ గడప తొక్కలేదు.

అప్పటిదాకా పొద్దున లేస్తే "మా తమ్ముడు" అనే భార్య, ఆ మాటే మానేసింది. చేపలకు మేత వేసినప్పుడల్లా ఆయనకు ఆ నవ్వు గుర్తొచ్చేది. ఫోను చేతిలోకి తీసుకునేవాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియక, వర్షం పడుతుందో లేదో చూసుకుని పెట్టేసేవాడు. స్టాండు బాగుచేసి, ఆ వంకతో పిలుద్దామని ఇన్నాళ్లకు తోచింది.

తొట్టిలో సగం నీళ్లు తోడేశాడు. చేపల్ని బకెట్లోకి మార్చడానికి బద్ధకించి, మిగతా సగంలోనే వదిలేశాడు. వెనక మూలలు చేతికి అందలేదు. తల దూర్చాడు. భుజాలు దూర్చాడు. రెండు తలుపుల మధ్య ఒక నిలువు పట్టీ ఉంది. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చి, మొత్తానికి మనిషంతా స్టాండులోకి చేరి ముడుచుకు కూర్చున్నాడు. అరికాళ్లు మాత్రం బయటే మిగిలాయి.

ఫోను లైటు వేస్తే లోపలంతా మొదటిసారి కనిపించింది. స్క్రూ గుంతలన్నీ పూడ్చి నున్నగా రుద్ది ఉన్నాయి. ఎవరూ చెయ్యి పెట్టని వెనక అంచుల్ని కూడా గుచ్చుకోకుండా గుండ్రంగా అరగదీశాడు. లేనిది రంగు ఒక్కటే. ఆయన బ్రష్షు పట్టుకుని కాసేపు అలాగే చూశాడు. తర్వాత, కలిపిన పూత డబ్బాలోనే గట్టిపడిపోతుందన్న భయంతో, ఆ పనితనం మీదే తెల్లగా పూసేశాడు.

ఇక బయటికి రాబోతే చొక్కా రాలేదు. వీపు వెనక పలకకు అంటుకుపోయింది. పొట్ట ఎంత పీల్చినా పట్టీ దాటలేదు. గట్టిగా తోస్తే స్టాండు కిర్రుమంది, నెత్తి మీద నీళ్లు గుడగుడలాడాయి. ఇంకోసారి తోస్తే తొట్టి, చేపలు, తను అన్నీ ఒకచోటే ఉంటాయని అర్థమై కదలడం మానేశాడు. అప్పుడు ఫోను మోగింది.

"ఏవండీ, గ్యాస్ కట్టేశారా?"

"కట్టేశా."

"గొంతేంటి అలా ఉంది? ఎక్కడున్నారు?"

చెక్కపెట్టెలో ఉన్నానని చెప్పడానికి మనసొప్పలేదు. "లోపల ఉన్నాను."

"లోపలంటే?"

"లోపలే. బయటికి రావడానికి కాస్త టైం పట్టేలా ఉంది. సీలు వెయ్యడం కూడా అయిపోయింది. నువ్వేం కంగారుపడకు. మీ తమ్ముడికి మాత్రం చెప్పకు, నేనే మెల్లగా చెప్తా."

ఇంకా ఏదో అనబోయాడు గానీ, ఫోను చేతిలోంచి జారి తడిపూత మీద బోర్లా పడి అక్కడే అతుక్కుంది.

కిందటి వారమే గిడ్డంగికి తనిఖీ వాళ్లు వచ్చి వెళ్లారు. మందుల షాపులో ఆవిడకు అదే గుర్తొచ్చింది. ముందు గిడ్డంగి ఆఫీసరుకు ఫోన్ చేసింది.

"సార్, మా ఆయన లోపల ఉన్నారట. సీలు కూడా వేసేశారట!"

"నాకేం తెలీదమ్మా!" అని ఆఫీసరు అరిచాడు. "నేను సంతకాలు పెట్టానంతే. ఒక్కటి కూడా చదవలేదు, ఒట్టు!"

ఆఫీసరు ఉన్నపళాన గిడ్డంగికి పరిగెత్తాడు. తలుపుకు సీలు లేదు. తనిఖీ వాళ్లు వచ్చి చూసేసరికి సీలు లేకపోతే అది తన తప్పవుతుందని భయపడి, తనే లక్క కరిగించి వేశాడు.

ఇక ఆవిడకు తమ్ముడు తప్ప ఎవరూ తోచలేదు. "ఒరేయ్, మీ బావని లోపల వేశార్రా. నీకు చెప్పొద్దన్నారు."

"నాకు చెప్పొద్దన్నాడా? అయితే నిజమే," అన్నాడు తమ్ముడు. టికెట్ల సంచి డిపోలో అప్పగించి, యూనిఫాంలోనే పోలీస్ స్టేషనుకు వచ్చాడు.

అక్కడ హెడ్ కానిస్టేబుల్ రికార్డంతా వెతికాడు. "ఆ పేరున ఎవరూ లేరే. ఇంకా దారిలో ఉన్నారేమో. కూర్చోండి, తీసుకొస్తారు," అని మర్యాదగా బెంచీ చూపించాడు.

ఇద్దరూ కూర్చున్నారు. "బావ అలాంటి పని చెయ్యడక్కా," అన్నాడు తమ్ముడు. "నోరు కాస్త దురుసు గానీ చెయ్యి మంచిది." ఆవిడ అతని భుజం మీద తల పెట్టి, ఏడాదిగా దాచుకున్నదంతా ఏడ్చేసింది. ఎంతకీ ఎవరినీ తీసుకురాకపోవడంతో, ఆయనకు జత బట్టలైనా తెద్దామని ఇంటికి బయల్దేరారు.

తలుపు తీయగానే గుప్పున రంగు వాసన. స్టాండు తలుపులోంచి బయటికి రెండు అరికాళ్లు.

"ఏవండీ!"

"అప్పుడే వచ్చేశావేంటి?" అంది స్టాండు.

బావమరిది మోకాళ్ల మీద కూలబడి లోపలికి తొంగిచూశాడు. ఇద్దరి మొహాలూ ఎదురెదురయ్యాయి.

"బాగున్నావా?" అన్నాడు బావ.

"నేను బాగానే ఉన్నా బావా. నీకే కాస్త ఇరుగ్గా ఉన్నట్టుంది. ఆగు, ఎక్కించడమే కాదు, దింపడం కూడా మా పనే."

చేపలు బకెట్లోకి వెళ్లాయి. నీళ్లన్నీ తోడి అక్కాతమ్ముళ్లు తొట్టిని కిందికి దించారు. బావమరిది వెళ్లి బండి డిక్కీలోంచి రంపం తెచ్చాడు.

"కొయ్యకురా," అన్నాడు ఆయన. "నేనే ఎలాగోలా వస్తా. నీ చేత్తో చేసింది."

"చెక్కదేముంది బావా."

రంపం ఆడినంతసేపూ ఆయన కళ్లు మూసుకున్నాడు. పట్టీ తెగింది. చొక్కాను పలకకే వదిలేసి ఆయన బయటికి జారాడు. చెమ్మకు నాని ఉన్న స్టాండు వెనకాలే నిట్టూర్చినట్టు ఒరిగి, కుప్పకూలింది.

"లోపలంతా చూశాను," అన్నాడు ఆయన నేల మీదే కూర్చుని. "నేను ఒక్కడినే చూశాను, ఇక ఎవరికీ చూపించలేను. ఆ రోజు అనకూడని మాట అన్నాను."

బావమరిది తల వంచుకున్నాడు. "రంగు కూడా నేనే వేద్దామనుకున్నా బావా. అక్క వద్దంది. ఇంటికి తన చేత్తో ఒక పనైనా చేశానన్న తృప్తి ఆయనకి ఉండాలి, అది వదిలెయ్ అంది."

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ బకెట్లో చేపల్ని చూస్తోంది.

"ఆ సాయంత్రం చెబుదామనుకున్నా. ఈలోపే మీరు అనేశారు. అందరిలో చెబితే మీకు చిన్నతనమని ఊరుకున్నా. తర్వాత వీడు రావడం మానేశాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే..." అంది ఆవిడ.

ముగ్గురూ విరిగిన చెక్కల మధ్య కూర్చున్నారు. ఒక్క మాటతో తేలిపోవాల్సింది ఏడాది సాగింది. ఆ మాట ముగ్గురి దగ్గరా ఉంది.

ఆవిడ ఫోను మోగింది. ఆఫీసరు. "బయటికి వచ్చారామ్మా? నా పేరేమైనా చెప్పారా?" సీలు సంగతి కూడా అప్పుడే తెలిసింది. మర్నాడు ఆ సీలు ఎందుకు పడిందో పైవాళ్లకు చెప్పుకోలేక ఆఫీసరూ ఆయనా తిన్న చీవాట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

తర్వాతి సెలవు రోజున బావమరిది కొత్త స్టాండు చెయ్యడానికి టేపు పట్టుకుని వచ్చాడు. తొట్టి జోలికి పోయే ముందు, బావగారి నడుము కొలుచుకున్నాడు.