సరిచేసిన కొమ్ములు

ఆ శనివారం పొద్దున చక్రధర్ అనుకున్న పని చాలా చిన్నది. ఇడ్లీ తిని, స్టోర్‌రూములో ఉన్న జింక కొమ్ముల్ని దుప్పట్లో చుట్టి, టాక్సీలో సింగపూర్ హౌగాంగ్ నుంచి పాసిర్ రిస్ వెళ్లి, భోజనాల వేళకు వాటిని బాస్ సాంబశివరావు గారి ఇంట్లో అప్పగించాలి. అంతే.

కొమ్ములు సాంబశివరావు గారివి. పాయా లేబర్‌లో ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. అక్కడ ఆయన కుర్చీ వెనక గోడకు అవి ఏళ్ల తరబడి వేలాడుతున్నాయి. టెక్సస్ అడవిలో ఒకే ఒక్క తూటాతో ఆ జింకను పడగొట్టానని ఆయన వచ్చిన ప్రతి క్లయింటుకూ చెబుతారు. ఈమధ్య డెన్నిస్ అనే అమెరికన్‌కు కూడా చెప్పారు. డెన్నిస్ మొహం వెలిగిపోయింది. వేట రికార్డుల పుస్తకంలోకి ఎక్కించడానికి కొమ్ముల్ని కొలిచి మార్కులు వేసే లైసెన్సు తనకు ఉందట. శనివారం మీ ఇంటికొచ్చి కొలుస్తాను, టేపు నా పెట్టెలోనే ఉంటుంది అన్నాడు.

శుక్రవారం సాయంత్రం సాంబశివరావు గారు చక్రధర్‌ను పిలిచారు. "ఇక్కడ కార్పెట్ మారుస్తున్నారు. ఇవి ఈ పూటకి నీ ఫ్లాట్‌లో ఉంచి రేపు ఇంటికి పట్రా. నీ మీద నమ్మకంతో ఇస్తున్నాను" అన్నారు.

చక్రధర్ వాటిని రెండు చేతులా అందుకున్నాడు. సింగపూర్‌లో ఉండి పనిచేయడానికిచ్చే అతని వర్క్ పాస్ గడువు దగ్గర పడుతోంది. రెన్యూవల్‌కు కంపెనీ ఇంకా దరఖాస్తు పెట్టలేదు. పాస్ పోతే ఉద్యోగంతోపాటు ఇల్లూ, కూతురు శ్రీలేఖ బడీ అన్నీ పోతాయి. అలాంటి సమయంలో ఇంత నమ్మకం.

భార్య ఉజ్వల మాత్రం గుమ్మంలోనే ఆపింది. "చచ్చిన జంతువు కొమ్ములు దేవుడి పటాలున్న హాల్లో పెడితే నేనూరుకోనండీ" అంది. దాంతో అవి స్టోర్‌రూముకు వెళ్లాయి. ఫ్లాట్‌లో ఆ గది అసలు బాంబులు పడితే దాక్కోవడానికి కట్టింది. దాని తలుపు మందపాటి ఉక్కు. మర్నాడు పొద్దున ఉజ్వల మినప్పప్పు డబ్బా కోసం లోపలికెళ్లి, వస్తూ వస్తూ కాలితో తలుపు తోసింది. టప్‌మని చప్పుడైంది. ఎడమ కొమ్ము మీద అన్నిటికంటే పొడవైన మొన, వేలి గోరంత విరిగి కిందపడింది.

"గోడవైపు తిప్పి పెట్టొచ్చుగా" అంది ఉజ్వల, ముక్కను చేతిలో పెడుతూ. "అంటించెయ్యండి."

"అంటిస్తే డెన్నిస్‌కి తెలిసిపోద్ది. కొలిచేది ఆయన."

చక్రధర్ ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాడు. కొమ్ము పొడవు కొలుస్తారు, దాని మీంచి లేచిన ఒక్కో మొనా కొలుస్తారు, నాలుగు చోట్ల చుట్టుకొలత, రెండు కొమ్ముల నడుమ ఎడం కొలుస్తారు. అన్నీ కూడాక, కుడికీ ఎడమకీ ఎక్కడెక్కడ తేడా ఉందో అదంతా తీసేస్తారు. చివరి వాక్యం దగ్గర అతను ఆగిపోయాడు.

"తేడా ఉంటేనే మార్కులు పోతాయి. రెండూ సమానంగా ఉంటే పోవు. కుడి మొన కూడా అంతే అరగదీస్తే సరి."

"విరిగిందని చెప్పెయ్యొచ్చు కదండీ."

"పాస్ వచ్చాక చెప్తా."

మంచం బిగించినప్పుడు కొన్న ఆకురాయి దొరికింది. పళ్ల డాక్టరు దగ్గర వచ్చే వాసన ఇల్లంతా నిండింది. కుడి మొన ఒక పిసరు ఎక్కువ అరిగింది. ఎడమది తగ్గించాడు. అదీ కాస్త ఎక్కువ తగ్గింది. మీసం సరిచేసుకుంటూ చివరికి మొత్తం గీసేసుకునే మనిషిలా తయారయ్యాడు. శ్రీలేఖ సోఫాలోంచి చూసి, "నాన్నా, నౌ దిస్ సైడ్ షార్టర్ లా" అంది సింగపూర్ యాసలో. మళ్లీ కూర్చున్నాడు.

సమానమయ్యాయి. కానీ పాత కొమ్ముల మీద రెండు మొనలు కొత్త సుద్దముక్కల్లా తెల్లగా మెరుస్తున్నాయి. ఉజ్వల కాఫీకని దించిన డికాక్షన్‌లో దూది ముంచి పట్టించాడు. రంగు బాగా కలిసింది.

పాసిర్ రిస్‌లో సాంబశివరావు గారు ముందురోజు కంటే నీరసంగా కనబడ్డారు. డెన్నిస్ సన్నటి స్టీలు టేపు తీసి, కళ్లజోడు పెట్టుకుని, పూజకు కూర్చున్నంత శ్రద్ధగా మొదలుపెట్టాడు. పొడవైన మొన దగ్గర ఆగి, వాసన చూశాడు.

"కాఫీ" అన్నాడు.

డెన్నిస్ మొన మీద వేలు రాసి, రెండో వైపూ రాసి, చక్రధర్ వేళ్ల సందుల్లో మిగిలిన తెల్లపొడి చూశాడు. చక్రధర్ తలుపు దగ్గర్నుంచి డికాక్షన్ దాకా జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పేశాడు. డెన్నిస్ విసుక్కోకుండా వివరించాడు. విరిగినదాన్ని విరిగినట్టే కొలిచేవాడట. తేడా కింద ఎంత పోయేదో, అరగదీసినందుకు పొడవు కింద అంతకంటే కాస్త ఎక్కువే పోయింది. లాభం ఏమీ లేదు. పైగా ఆకురాయి తగిలిన కొమ్ములకు పుస్తకంలో చోటుండదు. డెన్నిస్ టేపు చుట్టేశాడు.

"ఎంత పనిచేశావయ్యా" అన్నారు సాంబశివరావు గారు తల పట్టుకుని. తర్వాత డెన్నిస్‌ను భోజనానికి లేవదీశారు.

కొమ్ముల్ని పక్కగదిలో పెట్టమన్నారు. చక్రధర్ ఎత్తేసరికి, కొమ్ముల మొదట్లో పుర్రెకు చుట్టిన తోలు జారింది. కింద పుర్రె లేదు. ప్లాస్టర్ ముద్ద ఉంది, దాంట్లో రెండు మరలున్నాయి. వెనకనుంచి తలుపు మూసిన చప్పుడైంది.

"ఇవి రెండు జింకలవి" అన్నారు సాంబశివరావు గారు మెల్లగా. "వాటంతటవి రాలిపోయినవి. ఎయిర్‌పోర్టు దారిలో షాపులో కొన్నాను."

"మరి వేట, సార్?"

"వెళ్లాను. చలిజ్వరం వచ్చి రూములో పడుకున్నాను. ఇంకాసేపుంటే డెన్నిస్ ఆ తోలు విప్పమనేవాడు."

చక్రధర్ తోలును మళ్లీ మరల మీదికి లాగాడు. "అయితే నాకెందుకిచ్చారు సార్?"

"ఆఫీసు ప్రింటర్ బాగుచేస్తానని విప్పి, చివరికి పారేసేదాకా తెచ్చింది నువ్వే కదా. నీ చేతికిస్తే ఏదో ఒకటవుతుందని ఇచ్చాను. టాక్సీలో మర్చిపోతావనుకున్నాను. ఇంత కష్టపడతావనుకోలేదు." ఆయన అతని భుజం తట్టారు. "సోమవారం నీ పాస్ పని చూస్తాను. ఎవరడిగినా నువ్వు చేసిందే చెప్పు. అబద్ధం కూడా కాదుగా."

పాస్ వచ్చింది. ఉజ్వల సంతోషించింది. "చూశారా, మంచాయన" అంది. చక్రధర్ నోట్లో ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

కొమ్ములు మళ్లీ కుర్చీ వెనక్కి చేరాయి. ఇప్పుడు కొత్త క్లయింటు వచ్చినప్పుడల్లా చక్రధర్‌ను లోపలికి పిలుస్తారు. "ఆసియాలోనే మొదటి స్థానం వచ్చేది. ఇదిగో, ఇతనే ఆకురాయి పట్టాడు" అంటారు సాంబశివరావు గారు. క్లయింటు జాలిగా చూస్తాడు. చక్రధర్ చేతులు కట్టుకుని, "అవునండీ, నేనే" అంటాడు. ఎంత పోయిందని అడిగితే మొదట్లో వేలి గోరు చూపించేవాడు. తర్వాత బాస్ మొహం చూసి వేలంత అన్నాడు. పోయినవారం జానెడని ఒప్పుకున్నాడు.

కొలిచేవాళ్లు ఇక ఎవరూ రారు కాబట్టి, ఆ జింక నిశ్చింతగా ఎదుగుతోంది.