కమిట్ చెయ్యని నేరం

"సుల్తానాబాద్ మండలంల నా కంటికి చిక్కని నేరం ఇంకా పుట్టలే" అని మేనమామ ఎరువుల దుకాణంలో యూరియా బస్తా మీద కూర్చుని ప్రకటించాడు డిటెక్టివ్ భానుప్రసాద్. అప్పటికి అతను ఛేదించిన కేసు ఒక్కటే. చంద్రవ్వ కోడి మాయమైతే వాడకట్టంతా తిరిగి వాంగ్మూలాలు తీసుకున్నాడు. పొద్దుగూకేసరికి కోడి తనంతట తానే ఇంటికి నడిచొచ్చింది. దర్యాప్తు ఒత్తిడి తట్టుకోలేక లొంగిపోయిందని అతని వివరణ.

ఇలాంటివి వినే బాధ్యత తన్వీర్‌ది. చిన్ననాటి దోస్తు కాబట్టి తప్పదు. కానీ ఆ రోజుల్లో తన్వీర్ బుర్రలో వేరే బరువుంది. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్ పరీక్ష ఒకసారి తప్పాడు. మొరాయించిన సర్వర్ ఎందుకు మొరాయించిందో చెప్పమన్న చోటే మునిగాడు. వాళ్లమ్మ సుగ్రా బేగం మాత్రం ఈసారి కొడుకు పాసని గల్లీ అంతా చెప్పేసింది. కంప్యూటర్ సెంటర్ నడిపే లక్ష్మీరాజం సారేమో నమూనా పరీక్ష గట్టెక్కితేనే అసలు పరీక్షకు కరీంనగర్ పంపుతానన్నాడు.

ఆ నమూనా పరీక్షకు సార్ ఒక ఉత్తుత్తి ఆస్పత్రిని సర్వర్‌లో కట్టి, తన్వీర్‌నూ తోటి విద్యార్థిని హర్షిణినీ చెరో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఇద్దరూ ఒకే పేషెంట్ల వివరాలు మార్చాలి. కాసేపటికి తన్వీర్ తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిశాయి. డెడ్‌లాక్ అట, బాధితుడిగా అతని పనిని ఎంచుకున్నారట. ఒకరికి కావలసింది ఇంకొకరు పట్టుకుని ఇద్దరూ బిగుసుకుపోతే, సర్వర్ ఒకరి పనిని బలి ఇస్తుంది. అంతవరకు తన్వీర్‌కు తెలుసు. మళ్లీ మొదటినుంచి చేశాడు. ఈసారి తెర ఉలకలేదు, పలకలేదు. కారణం కనిపెట్టమని, సర్వర్‌ను మాత్రం ఆపొద్దని చెప్పి సార్ పక్కగదిలోకి పోయాడు. హర్షిణికి ఫోనొస్తే బయటికెళ్లింది.

సరిగ్గా అప్పుడే భానుప్రసాద్ ఫోన్ చేశాడు. తన్వీర్ తెర మీద నుంచి చూపు తిప్పకుండా, "జర పరేషాన్ల ఉన్న ర. ఆస్పత్రి మొత్తం ఆగిపోయింది. పేషెంట్లందరు లాకైన్రు. డెడ్‌లాక్ అని ఒగ బాధితుణ్ని గూడ చూపించింది" అన్నాడు.

అటువైపు నుంచి ఒకే మాట: "ఏం ముట్టకు. వస్తున్న."

నల్లకళ్లద్దాలు పెట్టుకుని, వేలిముద్రల కోసం ఇంట్లోంచి పౌడర్ డబ్బా పట్టుకుని వచ్చాడు. తెర మీది ఎర్రక్షరాలు చదివి గొంతు తగ్గించాడు. "డెడ్ అంటే శవం. లాక్ అంటే తాళం. తాళమేసిన గదిల శవం."

"బాధితుణ్ని నేనే ర."

"షాక్ తిన్నవు. మాట్లాడకు."

ఎవరి పని ఎవరికి అడ్డుపడుతోందో సర్వర్‌నే అడిగే దారొకటి ఉందని తన్వీర్‌కు అప్పుడే గుర్తొచ్చింది. టైపు చేద్దామంటే వేళ్లు తన దగ్గర లేవు. సాక్ష్యాలు చెరిగిపోతాయని డిటెక్టివ్ వాటిని తన పిడికిట్లో బిగించాడు. ఇంతలో హర్షిణి ఖాళీ కుర్చీ అతని కంటపడింది. నేరం జరిగిన వెంటనే కనిపించకుండా పోయిన మనిషి ఎవరో తన్వీర్‌ను అడిగి తెలుసుకుని, గంభీరంగా తలూపి, ఆమె కీబోర్డు మీద పౌడర్ గుమ్మరించాడు.

పైన ఫ్యాన్ తిరుగుతోంది. పౌడర్ లేచి తిన్నగా డిటెక్టివ్ ముక్కులో దూరింది. మొదటి తుమ్ముకు అతని చెయ్యి మౌస్ మీద పడి, హర్షిణి పని తెరను మూసే గుర్తును నొక్కింది. చేసిన మార్పులు ఇంకా కమిట్ కాలేదు, ఖాయం చెయ్యమంటారా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. రెండో తుమ్ము వద్దని జవాబిచ్చింది.

మరుక్షణం తన్వీర్ తెర గలగలా కదిలింది.

తుమ్ములకు సార్ పరుగెత్తుకొచ్చాడు. ఎట్ల కనిపెట్టావని అడిగితే తన్వీర్ అబద్ధమాడలేకపోయాడు. "నేను కనిపెట్టలే సార్, గీయన తుమ్మిండు. గని ఎందుకు కదిలిందో చెప్త. డెడ్‌లాక్‌ల నా పని పోయింది, హర్షిణి పని బతికింది. ఆమె కమిట్ చెయ్యకుండ లేసిపోయింది. గందుకే గా పేషెంట్లు ఆమె చేతిలనే ఉండిపోయిన్రు. మళ్ల మొదలువెట్టిన నా పని వాళ్లకోసం కాసుకుంట కూసుంది."

చెబుతుంటే తనకే ఆశ్చర్యమేసింది. ఏడాదిగా బట్టీ పట్టినా ఎక్కనిది ఇప్పుడు నీళ్లలా వస్తోంది. "పోయినసారి నువ్వు తప్పింది గీ ముక్కనే" అని మాత్రం అన్నాడు సార్.

అప్పుడే హర్షిణి వచ్చింది. భానుప్రసాద్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నిజం చెప్పు. కమిట్ చేసినవా, లేదా?"

ఆమె అతని భుజం మీదుగా తన తెర చూసింది. పొద్దుటినుంచి చేసిందంతా మాయం. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చెయ్యలే. యాది మర్చిపోయిన. తప్పు నాదే."

నేరం కమిట్ చెయ్యలేదని ఏడుస్తూ ఒప్పుకునే ముద్దాయిని ఏం చెయ్యాలో భానుప్రసాద్‌కు తోచలేదు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తన్వీర్ ఆమె పక్కన కూర్చుని పోయిన పనంతా మళ్లీ చేయించాడు.

ఇద్దరూ కలిసే కరీంనగర్ పోయి పరీక్ష రాసొచ్చారు. సుగ్రా బేగం గల్లీ అంతా ఖీర్ పంచింది. డిటెక్టివ్ మాత్రం ముత్తయ్య చాయ్ బండి దగ్గర ఆస్పత్రి హత్య కేసును వారంపాటు చెప్పాడు. చివరికి ముత్తయ్య గ్లాసులు కడుగుతూ అడిగాడు, మరి ఆ ఆడమనిషికి ఏం శిక్ష పడిందని.

భానుప్రసాద్ చాయ్ ఊదుకుంటూ చెప్పాడు. "ఏం లే కాకా. ఆమె గూడ పాసయ్యింది."