ఇసుకరాయిలో ఖాళీలు

కోనసీమ అడుగున ఇసుకరాయి పొరలో ఖాళీలున్నాయని భూగర్భ శాఖ నివేదిక పంపగా, నియామక మండలి నిబంధనల ప్రకారం వాటిని అభ్యర్థులతో భర్తీ చేసింది.

నివేదిక చెప్పినది రేణువుల మధ్య చమురు నిలిచే సూక్ష్మమైన సందుల గురించి. ఖాళీ ఎక్కడున్నా ఖాళీయేనని మండలి తీర్మానించింది. అభ్యర్థులను వాటిలో పట్టేంతగా కుదించడం కష్టం కాలేదు. పోటీ పరీక్షలు రాసి రాసి చాలామంది అప్పటికే సగం కుదించుకుపోయి ఉన్నారు.

భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన గుబ్బల సత్యవేణికి, అందరూ అభినందించినట్టు, చదివిన సబ్జెక్టులోనే ఉద్యోగం దొరికింది.

పైపొరల బరువుకు రేణువులు దగ్గరికి జరిగి ఖాళీలు ఇరుకయ్యేవి. దీన్ని పునర్వ్యవస్థీకరణ అన్నారు. అప్పుడప్పుడు ఆమ్లజలం వచ్చి మెత్తని రేణువులను కరిగించగా కొత్త ఖాళీలు పుట్టేవి. వాటితోపాటు కరిగిన ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ చేసినట్టు లెక్క. మిగిలిన గోడలు శుభ్రంగా ఉంటే, వాటి మీద వేడినీటిలోంచి స్ఫటికాలు పెరిగి, నలువైపులా కలుసుకుని, ఖాళీనీ ఉద్యోగినీ ఏకశిలగా బిగించేవి. అదే పర్మనెంట్ కావడం. అందరూ శ్రద్ధగా గోడలు తుడిచేవారు.

సత్యవేణి మాత్రం తడి మట్టి తీసి గోడలకు పూసింది. మట్టి పూసిన రేణువు మీద స్ఫటికం పట్టదన్నది ఆమె చదువుకున్న పాఠం.

పక్క ఖాళీలోని సూర్యప్రకాశం సన్నని సందులోంచి పలకరించాడు. ఛాతీ వరకు అప్పటికే బిగుసుకుపోయి ఉన్నాడు.

"ఏవమ్మా, ఎన్నాళ్ళీ టెంపరరీ బతుకు? గోడలు తుడుచుకోకూడదూ?"

"పర్మనెంటయ్యాక ఊపిరెలా తీసుకుంటారండి?"

"అది సర్వీసులో కలిపేస్తారంటమ్మా."

ఆ తరవాత అతను మాట్లాడలేదు. అతని పేరు గౌరవనీయుల జాబితాలో చేరింది.

అపరిశుభ్రతకు సంజాయిషీ కోరుతూ పొర పర్యవేక్షకుడు భాస్కరనారాయణ స్వయంగా చమురులో ఈదుకుంటూ వచ్చాడు. ఆయన మోచేతుల మీద స్ఫటికాలు తళతళలాడుతున్నాయి. వాటిని కనబడేలా పట్టుకున్నాడు.

"మట్టి కడిగెయ్యమ్మా. నీ మంచికే చెబుతున్నాను. నాక్కూడా ఈ ఏడాదే అయిపోతుంది."

"మీకు అవనివ్వండి. నేను కడగనండి."

"అందరూ బిగుసుకుంటుంటే నువ్వొక్కదానివీ ఖాళీగా కూర్చుంటావా?"

"ఖాళీ చూసే కదండీ నన్నేసింది. ఉంచనివ్వండి దాన్ని."

క్రమశిక్షణ చర్యగా ఆమె పర్మనెన్సీని శాశ్వతంగా రద్దు చేశారు. ఆమె ఆ కాగితాన్ని తడి మట్టిలో కలిపి గోడకు మెత్తింది.

కాలక్రమంలో ఆ పొరంతా నిశ్శబ్దమైంది. చమురు కదలాలంటే మిగిలిన దారి సత్యవేణి గది ఒక్కటే. భూగర్భ శాఖ మళ్ళీ కొలిచి, ఒక్క ఖాళీ మాత్రం ఉన్నదని నివేదించింది. మండలి ఆ మధ్యాహ్నమే ప్రకటన విడుదల చేసింది.

రాజమహేంద్రవరం కోచింగ్ సెంటర్లలో ఊపిరి బిగబట్టి గోడలు తుడవడం నేర్పే తరగతుల్లో ఇప్పుడు సీట్లు దొరకడం లేదు. కింద సత్యవేణి ఇంకో పూత వేస్తున్నది.