గట్టి ఎముక, గట్టి బుర్ర

తెలివి మనిషిలో ఎక్కడుంటుందన్న సందేహం ఈజిప్టులో సోహాగ్ పట్నం పక్కన మా ఊళ్లో పోయిన శీతాకాలంతో శాశ్వతంగా తీరిపోయింది. ఆరోగ్యశాఖ పెద్ద డాక్టర్ రిఫాత్ గారు శామియానా వేయించి మరీ సెలవిచ్చారు: "ముసలితనంలో ఎముకలు గుల్లబారినవాళ్లలో మతిమరుపు కూడా ఎక్కువని పరిశోధకులు తేల్చారు. కనుక సోదరులారా, గట్టి ఎముకే గట్టి బుర్ర!" ఎండ, నడక, వైద్యం అంటూ పరిశోధకులు చివరి పేజీలో ఇంకేదో రాశారట. చివరి పేజీ దాకా చదవడం అధికారుల హోదాకు తగదు.

ఎముకలు కొలిచే యంత్రం దిగింది. ఊరి తగాదాలు తీర్చే రాజీసభలో కూర్చోవాలంటే ఇక దాని ధ్రువపత్రం ఉండాలన్నారు. నలభై ఏళ్లుగా ఎన్నో కర్రల యుద్ధాలు ఆపిన హాజీ దహ్షాన్ ఎముకలు గుల్ల అని తేలింది. కసాయి మిత్వల్లి ఎముకలు చూసి యంత్రమే బెదిరిందట. పెద్దరికం మిత్వల్లికి దక్కింది.

ఆనాటి నుంచి హాజీతో ఊరంతా కేకలేసి మాట్లాడసాగింది. "హాజీ! ఇది టీ! టీ తాగుతారు దీన్ని!" అని కాఫీ కొట్టువాడు గ్లాసు చేతికిచ్చి మరీ నేర్పాడు. కళ్లజోడు కనపడకపోతే భార్య నబవియ్య కళ్లొత్తుకుంది. పెళ్లినాటి నుంచీ ఆయన దాన్ని పోగొడుతూనే ఉన్నాడు పాపం, కానీ అప్పుడు యంత్రం లేదు. చివరికి హాజీకే అనుమానం పట్టుకుంది. జపమాల తిప్పుతూ మనవళ్ల పేర్లు అప్పజెప్పుకునేవాడు. బుర్ర పోతే పోయిందని ఎవరు చెప్పాలి, తనకేం తెలుస్తుంది? ఆ భయం ఆయన్ని నిజంగానే తినేస్తోంది.

ఇంతలో షల్కామీల ఇంటి ఆడపావురం అబూదూమాల ఇంటి మిద్దె మీద వాలి, అక్కడి పోతు పావురంతో జతకట్టింది. వాలినచోటివాళ్లదే పావురమన్నది ఊరి ఆచారం, తిరిగి ఇచ్చేది లేదన్నారు అబూదూమాలవాళ్లు. మిత్వల్లి దీర్ఘంగా ఆలోచించి, "చెరి సగం కోసిస్తా, తొడ ఎవరికి కావాలి?" అన్నాడు. రెండు వైపులా కర్రలు లేచాయి.

హాజీ చేతికర్ర తాటిస్తూ మధ్యకొచ్చాడు.

"ఆగండ్రా! పిల్ల మీది, పిల్లాడు వాళ్లవాడు, పెళ్లయిపోయింది. వియ్యంకులు కర్రలతో కొట్టుకుంటారటరా, సిగ్గులేకపోతే సరి! మొదట పొదిగిన కూన పుట్టింటివాళ్లది, పొండి!"

జనం పకపకా నవ్వారు. రెండిళ్లవాళ్లూ కౌగిలించుకున్నారు. హాజీ కళ్లలో నీళ్లు తిరిగాయి; బుర్ర ఉంది!

మర్నాడు డాక్టర్ రిఫాత్ గారు స్వయంగా విచ్చేశారు. "తీర్పు అమోఘం. కానీ ఎముకల ధ్రువపత్రం లేని మనిషి చెప్పాడు కనుక రాజీ చెల్లదు" అని ప్రకటించారు.

మావాళ్లు చదువుకున్నవాళ్ల మాట జవదాటరు. కౌగిళ్లు విప్పి బుద్ధిగా కర్రలు అందుకున్నారు. మధ్యలో నిలబడిపోయిన హాజీని షల్కామీల పెద్దకొడుకు ఎంతో మర్యాదగా భుజం పట్టి పక్కకు తప్పించాడు.

"కాస్త జరగండి బాబాయ్, తగిలితే విరిగిపోతారు."